కాశీలో వదిలిన పండ్లు, రక్తంలో దొరకని విటమిన్

స్నానం చేస్తుంటే కాళ్ళ మీద నీలం మచ్చలు కనిపించాయి. మోకాళ్ళ కింద, పిక్కల మీద, అక్కడక్కడా ఉన్నాయి. ముందురోజే కొత్త లుంగీ కట్టుకున్నాను, ముదురు నీలం రంగుది. రంగు దిగిందనుకుని సబ్బు పెట్టి రుద్దాను. పోలేదు. గట్టిగా రుద్దాను. మచ్చ పోకపోగా రుద్దినచోట ఎర్రటి చుక్కలు లేచాయి. నొప్పేమీ లేదు. తుడుచుకుని బయటికొచ్చి, ఆ లుంగీని మాత్రం మిగతా బట్టలకు అంటకుండా వేరే బకెట్లో నానబెట్టాను. రోగం మొదలైన రోజు నేను చేసిన వైద్యం అదే.

నాకు డెబ్బై దాటాయి. మాది హిందూపురం పక్క పల్లె. పెళ్ళయిన కొత్తలో బెంగళూరు వచ్చి, జిగణిలో ఒక ఫ్యాక్టరీలో లేత్ మెషీన్ మీద పనిచేసి అక్కడే రిటైరయ్యాను. ఇనుప కడ్డీని వెంట్రుకవాసి తేడా రాకుండా చెక్కడం నా పని. ఆ అలవాటు మనిషిలోనూ దిగిపోయిందని నా భార్య సరోజ అనేది. ఉప్పు వెయ్యమంటే ఎన్ని గ్రాములు అని అడిగే రకం అని నవ్వేది. ఆమె కిడ్నీ జబ్బుతో పోయింది. ఆ తర్వాత మా అమ్మాయి హేమ జిగణి ఇల్లు అద్దెకిచ్చి, నన్ను బెంగళూరులోనే హూడిలో తన ఫ్లాట్‌కి తీసుకొచ్చింది. హేమ, అల్లుడు ఇద్దరూ పొద్దున్నే ఆఫీసులకు పోతారు. వంటమనిషి వచ్చి వండిపెట్టి పోతుంది. వాళ్ళు తిరిగొచ్చేసరికి నేను తినేసి గదిలో ఉంటాను.

సరోజ పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. వస్తుందని అందరూ ఎదురుచూశారు. నేనూ చూశాను. కర్మలు అయ్యాయి, చుట్టాలు వెళ్ళిపోయారు, రాలేదు. బాధగా ఉందా అని ఎవరన్నా అడిగితే, ఉందనే చెప్పేవాణ్ణి. నిజానికి ఏమీ లేదు. చలికాలం పొద్దున చేతులు మొద్దుబారితే ఏది పట్టుకున్నా ఒకేలా ఉంటుంది చూడండి, ఒళ్ళంతా అలాగే ఉండేది.

ఇక్కడ కాశీ సంగతి చెప్పాలి. జబ్బుకూ దానికీ సంబంధం ఉందని అప్పట్లో నాకు తెలియదు. అందుకే ఏ డాక్టరుకూ చెప్పలేదు.

సరోజ అస్థికలు తీసుకుని అల్లుడితో కాశీకి వెళ్ళాను. కాశీకి వెళ్ళినవాళ్ళు ఇష్టమైన ఒక పండూ ఒక కూరా అక్కడ వదిలేసి రావాలన్నది మనవాళ్ళ ఆచారం. ఆ తర్వాత జీవితంలో వాటిని ముట్టకూడదు. ఇందులో తెలివైనవాళ్ళకు తెలివైన దారులున్నాయి. మా తోడల్లుడు బతికున్న రోజుల్లో వెళ్ళి, ఎప్పుడూ తినని పొట్లకాయను వదిలేసి వచ్చి, పెద్ద త్యాగం చేసినట్టు ఊరంతా చెప్పుకున్నాడు. నాతో కర్మ చేయించింది తెలుగు తెలిసిన పంతులుగారే. నీళ్ళలో నిలబెట్టి, దోసిట్లో నీళ్ళు పోసి, ఏ పండు వదులుతున్నారు అని అడిగారు. నాకు ఒక్క పండు పేరు కూడా గుర్తు రాలేదు. ఆయన ఆగారు. వెనకాల ఇంకొక కుటుంబం కాచుకుని ఉంది. "అన్నీ" అన్నాను. ఆయన నా ముఖం చూసి, మరి కూర అన్నారు. ఆకుకూరలన్నీ అన్నాను. అల్లుడు ఒడ్డున చెప్పుల దగ్గరున్నాడు, వినలేదు. పంతులుగారు ఏమీ అనకుండా మంత్రం చదివారు. నీళ్ళు వదిలేశాను.

మాటంటే మాటే కదా. ఇంటికొచ్చి లెక్క ప్రకారం అమల్లో పెట్టాను. అరటి, నారింజ, బొప్పాయి అన్నీ బంద్. టమాటా పండా కాయా అని కాసేపు ఆలోచించి, పండే అని తేల్చి అదీ మానేశాను. నిమ్మపండూ అంతే. చింతపండు కూడా పండే కాబట్టి సాంబారూ రసమూ పోయాయి. బంగాళదుంపను షుగర్ వల్ల ఎప్పుడో వదిలేశాను. మిగిలింది రాగిముద్ద, అన్నం, చప్పిడి పప్పు, కారప్పొడి, పెరుగు, టీ, బిస్కెట్లు. ఎప్పుడన్నా బీన్స్ కూర ఉండేది. పొద్దున కుక్కర్లో ఉడికి, మధ్యాహ్నం మైక్రోవేవ్‌లో ఇంకోసారి ఉడికి, దాని రంగేమిటో దానికే తెలియని కూర. వంటమనిషితో షుగర్ ఎక్కువైంది, నాకు విడిగా తీసిపెట్టు అన్నాను. హేమతోనూ అదే అన్నాను. షుగరున్న మనిషి పండ్లు తినకపోతే ఎవరూ వింతగా చూడరు, మెచ్చుకుంటారు కూడా.

నాకు ఏ లోటూ తెలియలేదు. సరోజ కోసం నేను చేస్తున్న పని అదొక్కటే. ఏడవలేకపోయినా ఇదన్నా చేస్తున్నాను అనుకునేవాణ్ణి.

మచ్చల తర్వాత చిగుళ్ళ వంతు. బ్రష్ చేసుకుని ఉమ్మితే గులాబీ రంగు. కొన్నాళ్ళకు ఎరుపు. డెంటల్ డాక్టరు గమ్ డిసీజ్ అన్నాడు. క్లీనింగ్ చేస్తే రక్తం ఆగడానికి చాలాసేపు దూది కరిచిపట్టుకుని కూర్చోవలసి వచ్చింది. ఒక పన్ను కదిలి, బిస్కెట్ కొరికినప్పుడు ఊడి చేతిలోకి వచ్చింది. దాన్ని కాసేపు చూసి, చెత్తబుట్టలో వేసి, ఆ బిస్కెట్‌ను టీలో ముంచుకుని తిన్నాను.

తర్వాత నీరసం. లిఫ్ట్ దగ్గర నిలబడితే గోడకు ఆనుకోవలసి వచ్చేది. తొడల్లో, మోకాళ్ళలో లోపలి నుంచి నొప్పి. ఎడమ కాలు వాచింది. అప్పటికీ ఇంట్లో చెప్పలేదు. దాచాలని కాదు, చెప్పాలని తోచలేదు. ఒక ఆదివారం సోఫాలోంచి లేవబోయి లేవలేక మళ్ళీ కూలబడ్డాను. హేమ వచ్చి నా ప్యాంటు పైకి లాగి చూసింది. పిక్క సగం నల్లగా ఉంది.

"ఎప్పట్నుంచి ఉంది నాన్నా ఇది? నాకెందుకు చెప్పలేదు?" అంది.

నొప్పి లేదు కదా అన్నాను. హేమ ముఖం తిప్పుకుంది. వాళ్ళమ్మ జబ్బు కూడా ఒక ఆదివారమే బయటపడింది.

అక్కణ్ణుంచి ఆస్పత్రులు. మొదట కాల్లో రక్తం గడ్డకట్టి క్లాట్ అయిందేమోనని డాప్లర్ స్కాన్ తీశారు. క్లాట్ లేదు. స్కిన్ డాక్టరు కాళ్ళ మీది చుక్కల్ని భూతద్దంతో చూసి, "వాస్క్యులైటిస్‌లా ఉంది. రక్తనాళాల వాపు. స్టెరాయిడ్ స్టార్ట్ చేద్దాం" అన్నాడు. చిన్న ముక్క కోసి బయాప్సీకి పంపారు. దాని రిపోర్టు అటూ ఇటూ కాకుండా వచ్చింది. స్టెరాయిడ్‌తో మచ్చలు తగ్గలేదు గానీ షుగర్ ఆకాశానికి ఎగిరింది. ఇన్సులిన్ మొదలైంది. కోసిన చోటు మానలేదు. కుట్లు విప్పితే గాయం నోరు తెరుచుకుంది. ఇంకో పన్ను ఊడింది.

హెమోగ్లోబిన్ బాగా పడిపోయిందని అడ్మిట్ చేశారు. ప్లేట్‌లెట్స్ నార్మల్, క్లాటింగ్ టెస్టులు నార్మల్. అన్నీ నార్మల్‌గా ఉండి రక్తం మాత్రం కారుతుంటే డాక్టర్లకూ నచ్చదు. రక్తం జబ్బుల డాక్టరు ఒక యువకుడు వచ్చి, బోన్ మ్యారో చూడాలి, లుకేమియా లాంటివి లేవని తేల్చుకోవాలి అన్నాడు. లుకేమియా అంటే బ్లడ్ క్యాన్సరని హేమకు తెలుసు, నాకూ తెలుసు. హేమ మంచం రాడ్‌ను గట్టిగా పట్టుకుంది. నేను ఎదురు గోడ మీది ఏసీ వంక చూస్తున్నాను. దాని మూత ఒకవైపు సరిగ్గా కూర్చోలేదు. ఒక స్క్రూ బిగిస్తే చాలు. డాక్టరు ఏమైనా అడగాలా అంటే, లేదు అన్నాను.

తుంటి ఎముకలో సూది దించి మూలుగ తీశారు. మత్తు ఇచ్చినా లోపల గుంజినట్టు తెలిసింది. ఎముకకు రంధ్రం వేసే ఆ పరికరాన్ని తిప్పే తీరు నాకు కొత్తేమీ కాదు, మేము ఇనుముకు చేసే పనే. రిపోర్టు వచ్చేదాకా హేమ ఆఫీసు ల్యాప్‌టాప్ పక్కనే పెట్టుకుని, స్క్రీన్ వైపు చూస్తూ ఏమీ టైపు చెయ్యకుండా కూర్చునేది. చచ్చిపోతానేమో అని నాకు అనిపించింది. భయం వెయ్యలేదు. పిల్ల ఏడాదిన్నరలో రెండోసారి ఇక్కడ కూర్చోవలసి వచ్చిందే అని మాత్రం అనుకున్నాను. అది కూడా ఎవరి గురించో అనుకున్నట్టే అనుకున్నాను.

మ్యారోలో క్యాన్సర్ లేదు. మరి ఏముందో ఎవరికీ తెలియలేదు.

అప్పుడు జనరల్ మెడిసిన్ పెద్ద డాక్టరమ్మ రౌండ్స్‌కు వచ్చారు. నా ఈడుకు కాస్త తక్కువ వయసు. కన్నడం మాతృభాష, తెలుగు బాగా వచ్చు. ఫైలు తెరవకుండానే కుర్చీ లాక్కుని కూర్చుని, "ఊట ఆయ్తా?" అన్నారు. భోజనం అయిందా అని. బెంగళూరులో ఇది పలకరింపు. ఎవరు ఎదురైనా అడుగుతారు, ఎవరైనా అయింది అనే అంటారు. తినకపోయినా అంతే. నేనూ అయింది అన్నాను.

"ఏం తిన్నారు?" అన్నారు.

ఇన్నేళ్ళలో ఆ పలకరింపు తర్వాత ఈ రెండో ప్రశ్న నన్నెవరూ అడగలేదు. పెరుగన్నం అన్నాను. పొద్దున? టీ, బిస్కెట్లు. నిన్న రాత్రి? రాగిముద్ద, పప్పు. పప్పులో ఏమేసుకున్నారు? ఉప్పు. ఆస్పత్రి ట్రేలో పండు ఇస్తారు కదా, అదేం చేస్తారు? పక్క మంచం ఆయనకు ఇచ్చేస్తాను అన్నాను. ఆఖరిసారి పండు ఎప్పుడు తిన్నారో చెప్పండి అన్నారు. కాశీకి పోకముందు అన్నాను. హేమ ల్యాప్‌టాప్ మూసేసింది.

ఆవిడ లేచి నా కాలు మీది వెంట్రుకల్ని దగ్గరగా చూశారు. అవి స్ప్రింగులా మెలికలు తిరిగి ఉన్నాయి. ప్రతి వెంట్రుక మొదట్లో ఒక ఎర్ర చుక్క. చిగుళ్ళు చూశారు. మానని బయాప్సీ గాయం చూశారు. వెనకున్న జూనియర్లను పిలిచి చూపించారు. తర్వాత నాతో, "ఎప్పుడన్నా ఓడ ఎక్కారా?" అన్నారు. లేదన్నాను. "పూర్వం నెలల తరబడి సముద్రం మీద తిరిగే నావికులకు వచ్చే జబ్బు ఇది. స్కర్వీ. విటమిన్ సి ఒంట్లో అయిపోతే వస్తుంది. మీరు హూడిలో కూర్చుని తెచ్చుకున్నారు" అన్నారు.

రక్తం తీసి, వెలుతురు తగలకుండా కాగితం చుట్టి, ఐస్‌లో పెట్టి పెద్ద ల్యాబ్‌కు పంపారు. వెలుతురుకూ వేడికీ అది చెడిపోతుందట. విటమిన్ ఇ, కెరోటిన్ కూడా చూడమన్నారు. ఆ రెండూ తక్కువగా వచ్చాయి. విటమిన్ సి దగ్గర అంకె లేదు. మెషీన్ చదవగలిగే కనిష్ఠం కన్నా తక్కువ అని రాశారు. గేజి పెడితే ముల్లు కదలకపోవడం నాకు అర్థమవుతుంది.

డాక్టరమ్మ హేమకు వివరంగా చెప్పారు. మిమ్మల్ని మీరు తిట్టుకోకండి, ఈ వయసులో ఇది అనుకున్నంత అరుదు కాదు అన్నారు. పళ్ళు ఊడి నమలలేక కొందరు, ఒంటరిగా వండుకోబుద్ధి కాక కొందరు, షుగర్ భయంతో కొందరు పండూ కూరా తగ్గించేస్తారట. రక్తంలో సి, ఇ, కెరోటిన్ లాంటి యాంటీఆక్సిడెంట్ విటమిన్లు మెల్లగా దిగిపోతాయి. అందులో సి ఒంట్లో ఎక్కువకాలం నిలవ ఉండేది కాదు, తిండిలోంచి ఎప్పటికప్పుడు రావలసిందే. మీ నాన్నగారు తగ్గించలేదు, సున్నా చేశారు అన్నారు.

డాక్టరమ్మ వెళ్ళాక హేమ నా పక్కన మంచం మీద కూర్చుంది.

"అన్నీ ఎందుకు వదిలావు నాన్నా? ఒకటే కదా అడిగేది" అంది.

ఏదీ గుర్తు రాలేదు అన్నాను. హేమ ఏడ్చింది. నేను చూస్తూ కూర్చున్నాను.

మందుగా విటమిన్ సి మాత్రలు ఇచ్చారు. పండు కాకుండా మాత్ర కాబట్టి మాట తప్పినట్టు కాదని నేను లోపల్లోపల సరిచూసుకుని మింగాను. కొన్నాళ్ళకే చిగుళ్ళ రక్తం ఆగిపోయింది. నీరసం తగ్గింది. వారాల్లో మచ్చలు పసుపు రంగుకు తిరిగి మాసిపోయాయి. బయాప్సీ గాయం పూడింది. స్టెరాయిడ్ మెల్లగా ఆపేశారు, ఇన్సులిన్ కూడా పోయింది. అన్ని టెస్టులు చేసిన శరీరం మెడికల్ షాపులో ఎవరికైనా ఇచ్చే మాత్రతో నిలబడటం నాకే వింతగా ఉంది. ఒళ్ళు బాగైంది గానీ లోపలి మొద్దుతనం అలాగే ఉంది.

డాక్టరమ్మ మాత్రలు రాసింది కొంతకాలానికే. ఈలోగా పండ్లూ ఆకుకూరలూ మొదలుపెట్టమని స్పష్టంగా చెప్పారు. నేను తలూపి వచ్చాను. మొదలుపెట్టలేదు. హేమ నారింజ ఒలిచి గదిలో పెడితే, ఎండిపోయేదాకా అలాగే ఉండేది. ఆ ఇంట్లో మొదటిసారి మేమిద్దరం గొంతు పెంచుకున్నాం. "నాన్నా, నీ వ్రతం కోసం నేను ఇంకోసారి హాస్పిటల్ చుట్టూ తిరగలేను" అంది. అది వ్రతం కాదు, మీ అమ్మకిచ్చిన మాట అన్నాను. అమ్మ అడిగిందా అంది.

మా అపార్టుమెంటు కింద పొద్దున నడిచే రిటైర్డ్ మనుషులున్నారు. నా కథ వాళ్ళకు తెలిసిపోయింది. అక్కడ యాంటీఆక్సిడెంట్ అనే మాట రాని రోజు లేదు. ముసలితనం ఆగుతుందని ఒకాయన, మతిమరుపు రాదని ఇంకొకాయన. ఎవరి జేబులో చూసినా క్యాప్సూలే. సి మాత్రతో లేచి కూర్చున్నాను కాబట్టి నాకూ నమ్మకం కుదిరింది. పండు తినక్కర్లేకుండా గండం గట్టెక్కే దారి దొరికిందనుకున్నాను. డాక్టరు రాసింది రోజుకొకటైతే నేను పొద్దున, మధ్యాహ్నం, రాత్రి వేసుకోవడం మొదలుపెట్టాను. ఆపైన నీళ్ళలో వేస్తే బుసబుసమని పొంగే పెద్ద బిళ్ళ. దాని మీద విటమిన్ ఇ క్యాప్సూలు. ఇనుమును వెంట్రుకవాసి లెక్కన చెక్కినవాణ్ణి, మందు దగ్గర మాత్రం గంపగుత్తగా పోయాను.

కొన్ని నెలలకు నడుం పక్క నుంచి కిందికి నొప్పి పట్టింది. ఈసారి నొప్పి ఎంత గట్టిగా తెలిసిందంటే నేలమీద పడి మెలికలు తిరిగాను. స్కాన్‌లో కిడ్నీ స్టోన్ కనిపించింది. కిడ్నీ అన్న మాట వినగానే హేమ ముఖంలో రక్తం లేదు. వాళ్ళమ్మ పోయింది ఆ కిడ్నీలతోనే.

రాయి దానంతటదే పడిపోయింది. డాక్టరమ్మ నా మాత్రల డబ్బాలన్నీ టేబుల్ మీద వరసగా పెట్టించుకుని చూశారు. కోప్పడలేదు. "లోటు తీర్చడానికి ఇచ్చాను. పొర్లిపోయేదాకా పోసుకోమని చెప్పలేదు. ఎక్కువైన సి కొందరిలో రాయిగా మారుతుంది. మీరు గుండెకు ఆస్పిరిన్ వేసుకుంటున్నారు, దానిమీద ఇంత విటమిన్ ఇ అంటే మళ్ళీ రక్తం కారే దారి" అన్నారు. ఇంకెప్పుడూ సొంతంగా వేసుకోవద్దన్నారు. ఇవన్నీ తిండిలోంచే రావాలి అన్నారు.

అంటే మళ్ళీ మొదటికే వచ్చాను. పండు తినాలి, లేదా పాత జబ్బు కోసం కాచుకుని ఉండాలి. నేను రెండోదానికే సిద్ధపడ్డాను. హేమకు ఆ సంగతి నా ముఖం చూడగానే తెలిసిపోయింది. ఆ శనివారం నన్ను కార్లో ఎక్కించుకుని జిగణి అవతల ఉన్న ఆనేకల్ తీసుకెళ్ళింది.

ఆనేకల్లో సరోజ అక్క ఉంది. కమలమ్మ వదిన. పట్టు మగ్గాల ఇల్లు వాళ్ళది. ఎనభై దగ్గర పడినా కండెలు చుట్టే చెయ్యి ఆగదు. హేమ కథంతా చెప్పింది. వదిన దారం చూసుకుంటూ విన్నది. అంతా అయ్యాక నన్ను అడిగింది.

"ఆ పంతులు నిన్ను ఏమడిగినాడు రమణప్పా?"

"ఏ పండు వదులుతావు అన్నాడు వదినా."

"ఒగ పండు అడిగినాడు. నువ్వు అన్నీ అంటివి. అడిగింది నువ్వు ఇంగా చెప్పనే లేదు గదప్పా. ఆ మాట అట్లే నిలబడి ఉండాది."

వదిన కండె పక్కన పెట్టింది.

"వదిలేది ఇష్టమైనది. నీకు ఏ పండంటే ఇష్టం?"

ఆలోచించాను. నిజంగానే ఆలోచించాను. నారింజ, సపోటా, మామిడి, ఒక్కొక్కటీ తలుచుకున్నాను. ఏదీ ఏమీ అనిపించలేదు. "తెలీదు వదినా" అన్నాను.

"తెలీకుండా ఎట్ల వదిల్తివి? ఇష్టం లేనివన్నీ మూటగట్టి ఇస్తే మా సరోజ ఏం జేసుకుంటాది? ముందు తిను. ఏది ఇష్టమో తెలుసుకో. తెలిసినాక దాన్ని ఒగదాన్ని వదులు. కూరైనా అంతే" అంది.

లేత్ మీద పనిచేసినవాడికి ఆ లెక్కలో తప్పు దొరకలేదు. కొలత తీసుకోకుండా కోత వేశాను, అంతే కదా. ఆ మధ్యాహ్నం వదిన పాలకూర పప్పు, నిమ్మకాయ పిండిన అన్నం పెట్టింది. తిన్నాను. రుచి తెలిసిందా అంటే, పుల్లగా ఉందని తెలిసింది.

తర్వాత హేమ రోజుకొకటి తెచ్చేది. ఆఫీసు నుంచి వచ్చి బ్యాగు కింద పెట్టకముందే తింటివా అని, ఎట్లుంది నాన్నా అని అడిగేది. ఏదో పరీక్ష రిజల్టు అడిగినట్టు. నారింజ బాగుంది. బొప్పాయి బాగుంది. అన్నీ బాగున్నాయి. ఏదీ ఇది అనిపించలేదు. ఈసారి రక్తపరీక్షలో విటమిన్ సి దగ్గర అంకె వచ్చింది. డాక్టరమ్మ సంతోషించారు. నేను ఇంకా వెతుకుతూనే ఉన్నాను.

అద్దెకున్నవాళ్ళు కుళాయి కారుతోందంటే ఒకరోజు జిగణి వెళ్ళాను. పని చూసుకుని బస్టాండుకు వచ్చాను. అక్కడ జామకాయల బండి ఉంది. ఎప్పటి నుంచో ఉన్నదే. పాఠం అప్పజెప్పినట్టు ఒకటి కోయించుకున్నాను. నాలుగు చీలికలు చేసి, లోపల ఉప్పూకారం పూసి, కాగితంలో పెట్టి ఇచ్చాడు.

నేను షిఫ్టు దిగి వచ్చే వేళకు సరోజ కూరగాయలకని ఆ బస్టాండు దాకా వచ్చేది. ఇద్దరికీ కలిపి ఒక కాయ. గింజలు నా పళ్ళ సందుల్లో ఇరుక్కుంటాయని, మధ్యలో గింజల భాగం తను కొరుక్కుని, అంచుల కండ నాకిచ్చేది. అట్లా ఎన్నేళ్ళు తిన్నామో. కాశీలో దోసిట్లో నీళ్ళతో నిలబడ్డప్పుడు అది నాకు గుర్తు రాలేదు.

ఒక చీలిక కొరికాను. పన్ను ఊడిన సందులో గింజ ఇరుక్కుంది. నాలుకతో తియ్యబోయాను, రాలేదు. తీసేవాళ్ళు లేరు, ముందే కొరికి ఇచ్చేవాళ్ళూ లేరు. అక్కడే, బస్సుల మధ్య నిలబడి ఏడ్చాను. బండి అతను కారం ఎక్కువైందేమోనని నీళ్ళ సీసా ఇచ్చాడు. కాయ మొత్తం తిన్నాను. అంత ఇష్టంగా ఏదీ తిని చాలాకాలమైంది.

అట్నుంచి అటే ఆనేకల్ బస్సెక్కాను. వదిన నా ముఖం చూసి చెంబుతో నీళ్ళు తెచ్చి నా చేతిలో పోసింది. జామకాయ అన్నాను. నీళ్ళు వదిలాను.

"ఇప్పుడు వదిలినావప్పా" అంది.

డాక్టరమ్మకు చెబితే తలపట్టుకుని, విటమిన్ సి దండిగా ఉన్నదాన్నే వదిలారా అని నవ్వారు. పర్వాలేదు, మిగతావి చాలు అన్నారు. ఇప్పుడు రోజూ ఒక నారింజో కాస్త బొప్పాయో, షుగర్‌కు సరిపడా తింటున్నాను. నిమ్మకాయను వంట అయ్యాక, దించిన తర్వాత పిండుకుంటున్నాను. ఆకుకూర హేమ పెట్టినప్పుడు తింటున్నాను, వదలవలసిన కూర ఏదో ఇంకా తేలలేదు. కాళ్ళు తేటగా ఉన్నాయి. మాత్రలు డాక్టరు రాస్తే తప్ప లేవు. లోపలి మొద్దుతనం పూర్తిగా పోయిందని చెప్పలేను. కొన్ని రోజులు ఉంటుంది, కొన్ని రోజులు ఉండదు.

చదివేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒకటే. డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు ఏం తింటున్నారో చెప్పి ఊరుకోకండి, ఏం మానేశారో చెప్పండి. మొక్కు అయినా, ఉపవాసమైనా, షుగర్ భయమైనా, దిగులైనా సరే. అది డాక్టరుకు చెప్పే విషయం కాదని నేను అనుకున్నాను. మీ ఇంట్లో పెద్దవాళ్ళు భోజనం అయింది అంటే, ఏం తిన్నారని ఇంకొక మాట అడగండి.

అద్దె పని మీద జిగణి వెళ్తూనే ఉన్నాను. బస్టాండులో ఆ బండి ఉంది. అతను కాయ కోసి ఉప్పూకారం పూస్తుంటే నాకు నోట్లో నీళ్ళూరతాయి. కాసేపు నిలబడతాను. తినను.